గోడకూ చెమట పోస్తుంది



ప్రతి నెలా మీ ఉత్తరాలు కట్టలు కట్టలుగా వస్తాయి. ఆకాశం నీలంగా ఎందుకుంటుంది, తెగిన బల్లి తోక ఎందుకు గిలగిల కొట్టుకుంటుంది - ఇలాటి ప్రశ్నలకు జవాబు చెప్పటం తేలికే. ఈసారి వచ్చిన ఒక ఉత్తరం మాత్రం చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను.

రాసింది ఆరో తరగతి చదివే అమ్మాయి. పల్లెలో వాళ్ళ తాతగారికి పాత పెంకుటిల్లు ఉన్నదట. "మా ఇల్లు మరీ పాతకాలపుదిగా ఉందని వచ్చినవాళ్ళంతా అంటారు. సంక్రాంతి వెళ్ళాక మేస్త్రి వస్తాడు. పాత సున్నమంతా చెక్కేసి, బయటి గోడలకు సిమెంటు పూసి, రంగు వేస్తాడు. ముందువైపు చూరు కోయించి, మేడలాగా కనిపించేటట్టు పిట్టగోడ కట్టిస్తానని నాన్న అంటున్నారు. మేమంతా సంతోషంగా ఉన్నాం. తాతయ్య మాత్రం రెండు రోజులనుంచీ ఎవరితోనూ సరిగా మాట్లాడటంలేదు. ఎందుకని?" అని అడిగింది.

అమ్మాయీ, మీ తాతయ్య మనసులో ఏమున్నదో నేనెలా చెప్పగలను? కాని ఆ గోడ సంగతి చెప్పగలను. ఎందుకంటే, సరిగ్గా అలాటి గోడను పాడుచేసిన ఘనత ఒకప్పుడు నాకు దక్కింది. ఆ కథ ముందు చెబుతాను.

మాది కృష్ణ డెల్టాలో ఒక పల్లె. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక, ఆ నేలకు నీటి కరువు తీరింది. వరి పండింది, వరితో డబ్బు వచ్చింది, డబ్బుతో మండువా లోగిళ్ళు లేచాయి. మా ముత్తాత కట్టించిన ఇల్లూ అలాటిదే. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, వీధివైపు అరుగు, టేకు స్తంభాలు, తాటి దూలాలు, పైన పెంకు. గోడలు మూరెడు మందం. ఇటుకకూ ఇటుకకూ మధ్య అడుసు, పైన సున్నం పూత. ఏటా సంక్రాంతికి ముందు వెల్ల వేసి, అడుగున జాజు పట్టీ దిద్దేవారు. ఆ జాజు తడి ఆరకముందే నేను చెయ్యి ఆనించటం, నాయనమ్మ తిట్టటం కూడా ఏటా జరిగేవే.

1986లో మా బాబాయి కూతురికి పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారు పట్నంవాళ్ళు. అప్పటికి నా చదువు పూర్తయి ఆరు నెలలయింది. లోకంలో నాకు తెలియని విషయం లేదని గట్టి నమ్మకం! గోడ అడుగున సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి, గోడంతా దేశపటాల్లాగా మచ్చలు పడి ఉన్నది. "ఏటేటా ఈ వెల్ల బాధ ఎందుకు, బాబాయ్? ఒక్కసారి సిమెంటు కొట్టిస్తే మళ్ళీ మన జన్మలో చూడనక్కర్లేదు," అన్నాను. అంతటితో ఊరుకోక, ఇంటి చుట్టూ గోడలకు ఆనించి సిమెంటు గచ్చు చేయించమనీ, వసారా నేల అరడుగు ఎత్తు లేపమనీ సలహా ఇచ్చాను. బాబాయి సరేనన్నాడు.

మా ఊళ్ళో ఒక ముసలి తాపీమేస్త్రి ఉండేవాడు. ఆయన వచ్చి తాపీ మొనతో గోడను కాస్త గీకి, రాలిన పొడిని వేళ్ళతో నలిపి చూశాడు.

"అబ్బాయిగారూ, ఈ గోడ నీళ్ళు తాగుద్ది, మళ్ళీ కక్కుద్ది. మూతి కట్టేస్తే యాడ కక్కుద్ది?" అన్నాడు.

నేను నవ్వాను. గోడేమిటి, నీళ్ళు తాగటమేమిటి! ఆయన మరొక మాట అనకుండా తాపీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. మేము పక్క ఊరినుంచి మరొక మేస్త్రిని పిలిపించాం. నాయనమ్మ తన మామూలు చోట, మూడో స్తంభానికి ఆనుకుని చింతపండులో గింజలు తీస్తూ ఇదంతా విన్నది. "స్తంభాలకింద రాళ్ళు కప్పెయ్యకండిరా," అన్నది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. మగపెళ్ళివారిలో ఒకాయన, "ఇల్లు కొత్తగా కట్టారా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు బాబాయీ నేనూ ఆరు నెలలపాటు పొంగిపోయాం.

ఆ మరుసటి వానాకాలంలో పడమటింటి గోడకు లోపలివైపు చెమ్మ కనిపించింది. అంతకు ముందు చెమ్మ బయటివైపు, అదీ మోకాలెత్తు వరకే ఉండేది. ఇప్పుడది లోపలికి వచ్చి నడుమెత్తు ఎక్కింది. ఎండాకాలంలో ఆ చోట తెల్లటి పొడి దూదిలాగా పూసింది. మూడో ఏటికి సిమెంటు పూతను వేలితో తడితే డబడబమని బోలుగా మోగసాగింది. తర్వాత పలకలు పలకలుగా ఊడిపడింది. ఊడిన పలకకు వెనకవైపు ఇటుక పొరకూడా అంటుకుని వచ్చింది!

1991లో ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఎప్పటిలాగే మూడో స్తంభానికి ఆనుకుంటే, స్తంభం కొద్దిగా జరిగింది. ఆమె లేచి మమ్మల్ని కేకవేసింది. చూస్తే, అంత లావు టేకు మొద్దు అడుగున జానెడు మేర నానిన రొట్టెలాగా మెత్తబడిపోయి ఉన్నది. వసారా కప్పు ఆ స్తంభంమీదనే ఉన్నది. ఆ సాయంత్రమే తాటిమొద్దులు తెచ్చి దూలాలకింద పోట్లు పెట్టాం. నాయనమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

సరే, ఇప్పుడు ఇదంతా ఎందుకు జరిగిందో చూద్దాం.

ఒక పళ్ళెంలో కొంచెం సిరానీళ్ళు పోసి, సుద్దముక్కను నిలబెట్టండి. రంగు నీళ్ళు సుద్దలోకి పాకి పైకి ఎక్కుతాయి. దీపంలో నూనె వత్తివెంట ఎక్కటంకూడా ఇలాటిదే. సన్నని సందుల్లో నీరు తనంత తానే పైకి పాకుతుంది. సందు ఎంత సన్నమైతే అంత ఎత్తు పాకుతుంది. ఒక మిల్లీమీటరు బోలు ఉన్న గాజు గొట్టంలో నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కుతుంది. బోలు అందులో పదో వంతు అయితే 30 సెంటీమీటర్లు ఎక్కుతుంది! ఇటుకలోనూ, అడుసులోనూ, సున్నంలోనూ కంటికి కనిపించనంత సన్నని సందులు కోట్లకొద్దీ ఉన్నాయి. కాలువలకింది నేలలో తడి ఎప్పుడూ ఉంటుంది. ఇంక గోడ నీళ్ళు తాగదా మరి? మేస్త్రి అన్నది అక్షరాలా నిజం.

తాగిన నీళ్ళు ఏమవుతాయి? దీనికి మీరే ఒక ప్రయోగం చెయ్యండి. ఒకే మాదిరి మట్టి ముంతలు రెండు తీసుకోండి. ఒకదానికి బయటివైపు అంతటా నూనెరంగు వేసి, రెండు రోజులు బాగా ఆరనివ్వండి. రెండింటిలోనూ నీళ్ళు నింపి, గాలి తగిలే నీడలో పెట్టండి. సాయంత్రం చేతితో తాకి చూడండి. రంగు వెయ్యని ముంతలో నీళ్ళు చల్లగా ఉంటాయి. నీరు కాస్త తగ్గి కూడా ఉంటుంది. ఎందుకంటే ఆ ముంతకు చెమట పోసింది. నీరు సందులగుండా పైకి వచ్చి, ఆవిరై పోతూ, తనతో వేడిని తీసుకుపోయింది. రంగు వేసిన ముంతకు ఆ దారి మూసుకుపోయింది.

సున్నం పూసిన గోడ మొదటి ముంత. కిందినుంచి తాగిన తడినీ, వాన జల్లుకు పీల్చిన తడినీ సున్నం పొరగుండా మెల్లగా గాలికి వదిలేస్తుంది. ఆ పనిలో సున్నం అరిగి పెచ్చులు లేస్తుంది. మేము అసహ్యంగా ఉందనుకున్న ఆ పెచ్చులే గోడను కాపాడుతున్నాయన్నమాట! ఏటేటా కొత్త వెల్ల వేస్తే సరిపోయేది.

సిమెంటు పూసిన గోడ రెండో ముంత. బయటి దారి మూసుకుపోయేసరికి తడి ఇంకా పైకి ఎక్కి, లోపలివైపుకు దారి వెతుక్కున్నది. నేను చేయించిన గచ్చు దీనికి తోడయింది. ఇంటి చుట్టూ ఉన్న నేలలోనుంచి ఆవిరి కావలసిన నీరుకూడా, పైన మూత పడేసరికి, గోడలోకే చేరింది. పోనీ సిమెంటు వాననైనా ఆపిందా? అదీ లేదు. మాది నల్లరేగడి నేల. ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. దానిమీద నిలబడ్డ ఇల్లూ ఏటా వెంట్రుకవాసి కదులుతుంది. అడుసు గోడ మెత్తనిది గనక ఆ కదలికకు సర్దుకుంటుంది. సిమెంటు గట్టిది, సర్దుకోలేదు, చిట్లుతుంది. ఆ చీలికల్లోకి వాన దూరింది. వచ్చే దారి ఉన్నది, పోయే దారి లేదు!

ఇంక ఆ తెల్లటి దూది సంగతి. నేలలోని నీటిలో లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోతుంది గాని, లవణం పోదు. ఆవిరి అయిన చోటనే స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఇటుక సందులో స్ఫటికం పెరిగితే సందు గోడలను నెట్టుతుంది, ఇటుక పొడి అయిపోతుంది. సున్నం పూత ఉన్నప్పుడు ఈ గొడవంతా పూతలోనే చాలావరకు జరిగి, పూతే రాలిపోయేది. ఇప్పుడది సిమెంటు వెనక, ఇటుకలో జరిగింది.

నాయనమ్మ చెప్పిన రాళ్ళమాట కూడా ఇదే. పాత ఇళ్ళలో చెక్క స్తంభాన్ని నేలమీద నిలబెట్టరు, కింద రాతి దిమ్మ వేస్తారు. నల్లరాయి నీటిని పీల్చదు. అందుచేత తడి చెక్కదాకా ఎక్కదు. మేము నేల అరడుగు లేపి, దిమ్మలను కప్పేసి, చెక్కను తడి గచ్చులో నిలబెట్టాం. మిగిలిన పని బూజూ, చెదలూ చేశాయి.

మరి సున్నం ఎలాటి పదార్థం? ఇది చాలా తమాషా అయినది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది. 100 కిలోల రాయి కాలితే 44 కిలోలు గాలిలో కలిసిపోయి, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. పులికాట్ సరస్సులో దొరికే గుల్లలను కాల్చినా వచ్చేది ఇదే. దీనిమీద నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి, పొగలు కక్కుతూ 18 కిలోల నీటిని తనలో కలుపుకుని 74 కిలోలవుతుంది. ఇదే తడిసున్నం, తాంబూలంలో రాసుకునేదీ ఇదే. గోడకు పూశాక ఇది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్ళీ 44 కిలోలు పీల్చుకుని, తాగిన 18 కిలోల నీటినీ వదిలేసి, తిరిగి రాయి అయిపోతుంది. 74కు 44 కలిపి, 18 తీసివెయ్యండి. మళ్ళీ 100! రాయి రాయిగా పుట్టింటికి వచ్చేసింది.

బడిలో సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే పాలలాగా తెల్లబడుతుంది కదా? గోడమీద జరిగేదీ అదే. కాని గాలిలో పదివేల పాళ్ళకు నాలుగు పాళ్ళే బొగ్గుపులుసు వాయువు ఉన్నది. అందుకే గోడమీద సున్నం గట్టిపడటానికి నెలలూ సంవత్సరాలూ పడుతుంది. తొందరపడేవాళ్ళకు సున్నం పనికిరాదు. (ఒక్క మాట: పొడిసున్నం మీద నీళ్ళు పోసే చోటికి మీరు పోవద్దు. తుంపర కంట్లో పడితే చూపు పోగలదు.)

సిమెంటు కథ వేరు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ పనివాడు "పోర్ట్‌లాండ్ సిమెంటు" అనే పేరుతో పేటెంటు పొందాడు. ఇప్పటి సిమెంటును సున్నపురాయినీ బంకమన్నునూ కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి తయారుచేస్తారు. అది నీటితో కలిసి గంటల్లోనే గట్టిపడుతుంది. వంతెనలకూ, ఆనకట్టలకూ, మేడలకూ దానికి సాటి లేదు. నేను సిమెంటును తిట్టటం లేదు. పునాది దగ్గరనే తడి ఎక్కకుండా అడ్డుపొర వేసి కట్టే కొత్త ఇంటికి అది చక్కగా సరిపోతుంది. గట్టి ఇటుకకు గట్టి పూత, మెత్తని ఇటుకకు మెత్తని పూత, అంతే. రాజుల కట్టడాలకూ ఈ తంటా తప్పలేదు. హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధులకు ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతు పేరుతో సిమెంటు పూశారు. 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టువారు అక్కడ బాగుచేత మొదలుపెట్టి, ఆ సిమెంటును ఒలిపించి మళ్ళీ సున్నమే వేయించారు.

మా ఇంటి సంగతి ముగించాలి. 1992 వేసవిలో బాబాయి, నేను ఆ ముసలి మేస్త్రి ఇంటికి వెళ్ళాం. ఆయన "నే చెప్పలా?" అంటాడేమోనని దారిపొడుగునా బెదురుతూనే ఉన్నాను. ఆయన అనలేదు. "ముందు గోడను ఎండనియ్యండి" అన్నాడు. సిమెంటును సన్న ఉలితో మెల్లగా ఒలిపించి, ఆ వేసవి అంతా గోడను బోసిగా వదిలేశాం. పైకి వచ్చిన ఉప్పును పొడి కుంచెతో దులిపించాడు. కడిగితే మళ్ళీ కరిగి లోపలికే పోతుందట. గోడ పక్కన మూరెడు వెడల్పున గచ్చు పగలగొట్టించి, కంకర నింపించాడు. చూరు నీళ్ళు పడేచోట చిన్న కాలువ తీయించి, వీధివైపుకు వాలు పెట్టించాడు. మూడో స్తంభం అడుగు కోయించి, పాత దిమ్మమీద ఎత్తైన కొత్త రాతి దిమ్మ వేయించాడు. మిగతా స్తంభాల చుట్టూ కూడా గచ్చు తవ్వించి రాళ్ళు బయటపెట్టించాడు. తర్వాత వారాల తరబడి నానిన సున్నానికి మూడింతలు ఇసుక కలిపి, పలచని పూతలు పూశాడు. పూత తొందరగా ఎండితే బీటలు వారుతుందని తడి గోనెపట్టాలు కట్టించాడు. ఆ పట్టాలమీద పొద్దునా సాయంత్రమూ నీళ్ళు చల్లే పని నాకు అప్పగించారు. అయిన ఖర్చు పెళ్ళినాటి ఖర్చుకు రెట్టింపు.

వెల్ల వేశాక ఇల్లు కొత్త ఇల్లులాగా లేదు. మా ఇల్లులాగానే ఉన్నది.

ఇప్పుడు నీకు, అమ్మాయీ. సంక్రాంతికి ఇంకా వ్యవధి ఉన్నది కదా. మీ ఇంటి గోడ ఏమిటో నువ్వే పరీక్ష చెయ్యి. పైపూత రాలిన చోట ఇటుకల మధ్యనుంచి చిన్న బెడ్డ తీసి, గ్లాసెడు నీళ్ళలో వెయ్యి. కరిగి బురద అయితే అది అడుసు. కరగకపోతే దానిమీద నిమ్మరసం పిండు. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టు. సిమెంటుకు కూడా బుడగలు రావచ్చు. అందుచేత ఇనపమేకుతో గీకి చూడు; సున్నమైతే తేలికగా పొడి రాలుతుంది, సిమెంటైతే మేకు జారుతుంది. అడుసో సున్నమో అని తేలితే, సిమెంటు మాట మానుకోమని మీ నాన్నగారికి ఈ పేజీ చూపించు. పాడైన చోట సున్నం పూతా, పైన మంచి వెల్లా వేయిస్తే చాలు. తెలుపు నచ్చకపోతే వెల్లలో పసుపు మట్టో, జాజో కలుపుకోవచ్చు. నూనెరంగు మాత్రం వద్దు, ముంత సంగతి చూశావుగా. తలుపులూ కిటికీలూ ఎంత సొగసుగా చేయించుకున్నా గోడకేమీ కష్టం లేదు.

చూరు కోయించవద్దని నా మాటగా చెప్పు. చూరు ఇంటికి గొడుగు. అడుసు గోడకు గొడుగు తీసేస్తే తుఫాను వానకు తట్టుకోలేదు. పిట్టగోడ వెనక పెంకులమీదినుంచి జారిన నీళ్ళు నిలిచి, గోడ నెత్తిమీదనే కారతాయి.

మీ ఇంట్లో స్తంభాలు ఉన్నవో లేవో నువ్వు రాయలేదు. ఉంటే, వాటికింద రాళ్ళున్నాయేమో చూడు. కనపడకపోతే మీ తాతయ్యను అడుగు. ఆయన ఎక్కడున్నాయో చూపిస్తారనుకుంటాను. ఏమి తేలిందో పండగలోపల నాకు ఉత్తరం రాయి.